ఏడో బట్టీ తలుపు

"గిన్నె అక్కడుంది నాన్నా. కాస్త కుడివైపుకి."

ఇసౌరో ఆ మాట మెల్లగానే అన్నాడు. ఆ మెల్లదనమే ఎక్కువ బాధపెట్టింది. బల్ల మీద తడుముతున్న అబ్దేనాగో ఎడమచెయ్యి అక్కడికక్కడే ఆగిపోయింది. కుడిచేతికి నిన్న కట్టిన కట్టు ఉంది. పాలూ కోడిగుడ్డూ వేసి కాచిన చారు గిన్నె జానెడు దూరంలో పొగలు కక్కుతోంది.

"ఎక్కడుందో నాకు తెలుసు," అన్నాడు ముసలాయన. "చల్లారుతుందేమోనని చూస్తున్నా."

"చూస్తున్నావా?"

పెనం మీద మొక్కజొన్న రొట్టె తిప్పుతున్న ఒతీలియా చెయ్యి ఆగింది. మామగారి ముఖంలోకి చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

నిన్న మధ్యాహ్నం దాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాలుగో బట్టీ మీద ఎర్రగా కాలుతున్న ఇనుప మూతకి అబ్దేనాగో అరచెయ్యి ఆనించాడు. కళ్ళున్నవాడెవడూ ఆ పని చెయ్యడు. ముప్పై ఎనిమిదేళ్ళు నిప్పులోకి చూసిన కళ్ళకి రెండేళ్ళుగా వెలుగూ నీడా తప్ప ఇంకేమీ అందడం లేదని ఆయన తన నోటితోనే ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ రెండేళ్ళూ పన్నెండు బట్టీలని వాసనతో, చెవులతో, వేసే అడుగుతో నడిపించాడు. ఎవరికీ అనుమానం రాలేదు.

నిజం బయటపడ్డ గంటకే తండ్రీ కొడుకుల మధ్య పందెం పడింది.

"రాత్రి అన్నది గుర్తుందిగా," అన్నాడు ఇసౌరో. "మధ్యాహ్నం సోగమోసో ఫౌండ్రీ నుంచి దోన్ సాతుర్నీనో వస్తాడు. ఆయన ముందు ఏడో బట్టీ తెరుస్తాం. లోపల బొగ్గు కాలి తయారైన కోక్ ఆయనకి నచ్చితే ఈ కొండ నీది, బట్టీలు నీవి, నేను నోరెత్తను. నచ్చలేదో, రేపట్నుంచి ఒక్క బండి బొగ్గు కూడా లోపల పడదు. ఈ కొండ అడుగుతున్న కంపెనీకి కబురు పెడతా."

"గుర్తుంది."

"తర్వాత మాట మార్చకు."

"నేనెప్పుడు మార్చాను? పెళ్ళికి ముందు రోజు పారిపోయి వంతెన కింద కూర్చున్నది నువ్వు, నేను కాదు."

ఇంకో రోజైతే ఒతీలియా నవ్వేది. ఇసౌరో కూడా నవ్వేవాడు. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

"ఆ పొయ్యిలు నీ కళ్ళు తినేశాయి," అన్నాడు ఇసౌరో. "తాతయ్య ఊపిరితిత్తులు తినేశాయి. నన్నూ తినమంటావా? కంపెనీవాళ్ళు మిషన్లు పెడతారు. తలుపు మిషను తెరుస్తుంది, కోక్ మిషను లాగుతుంది. మనిషి అద్దం వెనకాల కూర్చుంటాడు. అందులో తప్పేముంది?"

"ఏమీ లేదు."

"మరి?"

ముసలాయన గిన్నె తనే వెతుక్కుని ఎడమచేత్తో ఎత్తుకున్నాడు.

బట్టీ ఒకసారి ఆరితే ఏమవుతుందో ఆ ముగ్గురికీ తెలుసు. ఏళ్ళ తరబడి ఎర్రగా ఉన్న ఇటుక చల్లబడగానే కుంచించుకుపోతుంది, నెర్రెలిస్తుంది, గుమ్మటం నడిబొడ్డు నుంచి ఊడుతుంది. మళ్ళీ కట్టేవాళ్ళు ఈ లోయలో ఇద్దరే మిగిలారు, ఆ ఇద్దరికీ నడుములు లేవు. రేపు బొగ్గు పడకపోతే పన్నెండు బట్టీలూ శాశ్వతంగా పోయినట్టే.

ఒతీలియాకి ఇంకొకటి కూడా తెలుసు. అది ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

* * *

బట్టీల వరుస ఇంటికి పైన, కొండ వాలులో ఉంది. ఇటుక గుమ్మటాలు ఒకదాని పక్కన ఒకటి భూమిలోకి సగం దిగి కూర్చున్నాయి. పైనున్న కంతల్లోంచి గాలి వేడికి వణుకుతోంది. ఒతీలియా ఒక అడుగు ముందు నడుస్తూ కావాలనే చెప్పులు ఈడ్చింది. ఆ చప్పుడు పట్టుకుని ఉన్ని కంబళి భుజాన వేసుకున్న అబ్దేనాగో వెనక నడిచాడు. చూసేవాళ్ళకి మామా కోడళ్ళు తీరిగ్గా నడుస్తున్నట్టే ఉంటుంది.

ఏడో బట్టీ దగ్గర ఆయన తనంతట తనే ఆగాడు. ఇటుకలు పేర్చి బంకమట్టితో మూసేసిన తలుపు మీద ఆరిపోయిన అరచేతి గుర్తు ఉంది. మట్టి పచ్చిగా ఉండగానే మూసినవాడు చెయ్యి అద్దాలి. ఎవరి చెయ్యి ఉంటే వాళ్ళే ఆ తలుపు పగలగొట్టాలి. ఈ వాలు మీద అది తప్పినవాడు లేడు.

"సుమెర్సే," అని పిలిచాడు ఆయన. పెళ్ళైన కొత్తలో ఒతీలియా అది తననే అనుకుని వెనక్కి తిరిగేది. ప్రేమా మర్యాదా కలిసిన ఆ మాటతో ఆయన ఇంట్లోవాళ్ళని పిలిచినట్టే బట్టీలనూ పిలుస్తాడు. "ఎలా ఉన్నారు సుమెర్సే?"

తలుపుకి చెవి దగ్గరగా పెట్టాడు. చాలాసేపు విన్నాడు.

"అమ్మాయ్, పై కంతలో మంట ఏ రంగుంది?"

"మంట లేదు మామయ్యా. పైన గాలి కదులుతోంది, అంతే."

"పసుపు కొసలేమైనా?"

"లేవు."

"పొగ?"

"చుక్క కూడా లేదు."

"అయితే ఉడికింది. బొగ్గులో ఉన్న గాలీ తారూ మొత్తం మండిపోయాయి. ఇక లోపల మిగిలింది ఎముక ఒక్కటే." ఆయన ముఖం విచ్చుకుంది. "సోమవారం మధ్యాహ్నం పోశాం. నిప్పు పెట్టామా? లేదు. గోడల్లో దాగిన పాత వేడికే అంటుకుంది. మూడు రోజులు పైనుంచి కిందికి ఒక్కో వేలు చొప్పున దిగింది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నాకది మామూలు విషయం అనిపించలేదు."

ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని ఒతీలియాకి అనిపించింది.

"మామయ్యా. సోమవారం బొగ్గు మీరే కలిపించారు కదా?"

"ఇంకెవరు కలిపిస్తారు?"

"చేత్తో చూశారా?"

"సోమవారం నాకు జలుబు, వాన. చెయ్యి తిమ్మిరెక్కింది. నెపోముసేనోకి చెప్పా, పై కుప్ప నుంచి రెండు బళ్ళు తెస్తే, కింది కుప్ప నుంచి ఒకటి అని. ఎప్పుడూ చెప్పేదే. ఏం?"

పైన జిడ్డు బొగ్గు, కింద పొడి బొగ్గు. ఈ పెరట్లో కుప్పల చోట్లు ఆయన తండ్రి నాటి నుంచీ మారలేదు. జిడ్డు బొగ్గు వేడికి కరిగి ఉబ్బి పట్టుకుంటుంది. పొడి బొగ్గు ఆ ఉబ్బుని అణిచిపెడుతుంది. పాళ్ళు తప్పితే లోపల రాయి కట్టదు, పిండి మిగులుతుంది.

"ఆదివారం వానకి కింద కాలువ పొంగింది," అంది ఒతీలియా. "కొత్త లోడ్లు వచ్చాయి. పొడి బొగ్గు సన్నం కదా, కింద పోయిస్తే నీళ్ళకి కొట్టుకుపోతుందని పైన పోయించా. జిడ్డు బొగ్గు కింద. మీకు చెప్పలేదు. ఒకటి తళతళా మెరుస్తుంది, ఇంకోటి మట్టిలా ఉంటుంది. చూస్తే తెలిసిపోతుందిగా అనుకున్నా."

ముసలాయన తల కుప్పల వైపు తిరిగింది.

"మీకు కనిపించదని నాకేం తెలుసు మామయ్యా? నిన్న మీ చెయ్యి కాలాక పరుగెత్తి పెరట్లోకి వెళ్ళి చూశా. పైనున్న పొడి బొగ్గు కుప్ప సగానికి పైగా తరిగిపోయింది. జిడ్డు బొగ్గు కొద్దిగానే తగ్గింది. పాళ్ళు తారుమారయ్యాయి."

తోపుడు బండి మీద కూర్చుని పొగాకు చుడుతున్న నెపోముసేనో ఇటు తల తిప్పాడు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ బండి తోసే మనిషి.

"నువ్వైనా అడగాల్సింది కదయ్యా," అంది ఒతీలియా, గొంతు తగ్గించి. "బొగ్గు తేడాగా ఉందని నీకు కనబడలేదా?"

"కనబడింది వదినా."

"మరి?"

"ఆయన పై కుప్ప అన్నాడు, పైది తీశా. ఇరవై ఏళ్ళలో ఆయన్ని ఎదురడిగినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు, తర్వాత నన్ను తిట్టు. కొత్త రకం ఏదో ఆలోచించాడు కాబోలు అనుకున్నా."

అబ్దేనాగో చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. కట్టు కట్టిన చేతిని తలుపు మీది గుర్తుకి ఆనించాడు. ఆయన కోప్పడితే బాగుండునని ఒతీలియా కోరుకుంది.

"పాళ్ళు తిప్పి ఎప్పుడూ పొయ్యలేదు," అన్నాడు చివరికి. "లోపల ఏముందో నాకు తెలీదు. ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి తెలీదు." ఆ మాటలో భయం ఉంది. భయం కన్నా కొంచెం ఎక్కువగా ఇంకేదో కూడా ఉంది. "విను అమ్మాయ్. ఇది నువ్వు ఎవరికీ చెప్పొద్దు. తలుపు మీద నా చెయ్యుంది. పిండి వస్తే నాది, రాయి వస్తే నాది."

"ఇసౌరో నన్ను అడిగితే?"

"వాడికి చెప్పాల్సింది నేను చెప్తా. కానీ సాతుర్నీనో ముందు మాత్రం నా కళ్ళ సంగతి రాకూడదు. గుడ్డివాడి బట్టీ అన్న మాట ఒకసారి లోయలోకి దిగిందంటే మన కోక్ ఎంత బాగున్నా ఎవడూ కొనడు. మాటివ్వు."

ఆమె మాటిచ్చింది.

* * *

దోన్ సాతుర్నీనో పన్నెండింటికల్లా వచ్చేశాడు. పొట్టి మనిషి. చేతుల నిండా పాత కాలిన మచ్చలు. సోగమోసోలో ఆయన ఫౌండ్రీ ఇనుము కరిగించి చెరుకు గానుగల రోలర్లు పోస్తుంది. జీపు దిగుతూనే కరచాలనానికి చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి మామగారికి కనబడదని ఒతీలియాకి తెలుసు. అబ్దేనాగో మాత్రం కట్టు కట్టిన చేతిని ముందే పైకెత్తి, "క్షమించాలి దోన్ సాతుర్నీనో, నిన్న ఒక మూత ముద్దు పెట్టుకుంది," అన్నాడు.

"ఇంత వయసొచ్చినా ముద్దులు తగ్గలేదన్నమాట."

"అడిగితే కాదంటామా?"

సాతుర్నీనో పకపకా నవ్వాడు. ఆ వెంటనే నవ్వు మానేసి అసలు సంగతిలోకి దిగాడు.

"మీ కోక్ చెడ్డదని నేననను. కానీ మా కొత్త కొలిమి ముగ్గురు మనుషుల ఎత్తు. కింద కోక్, దాని మీద ఇనుము, మళ్ళీ కోక్, మళ్ళీ ఇనుము. అట్టడుగున ఉన్న కోక్ అంత బరువూ మొయ్యాలి. మండుతూ మొయ్యాలి. అది నలిగిందా, మధ్యలోంచి గాలి పోదు. గాలి పోకపోతే ఇనుము సగం కరిగి లోపలే గడ్డకడుతుంది. పోయిన నెల అలా గడ్డకట్టింది, సమ్మెటలతో పగలగొట్టి తీశాం. మీ పాత రకం ఇక నాకు సరిపోదు. ఇంతకన్నా గట్టిది ఇవ్వగలిగితే చెప్పండి. లేదంటే ఇక్కడే చెయ్యి కలిపి, అదే, చెయ్యి కలపకుండానే విడిపోదాం."

ఇసౌరో తండ్రి వైపు చూశాడు. పాత రకం సరిపోదట. అంటే తండ్రి ఎప్పటిలాగే పోసి ఉంటే ఓడిపోయినట్టే. ఇసౌరో ముఖంలో గెలుపు కనిపించలేదు, అలసట కనిపించింది.

ఒతీలియా లెక్క వేసుకుంది. పాతది వచ్చినా పోయినట్టే. పిండి వస్తే పరువు కూడా పోయినట్టే.

"తెరుద్దాం," అన్నాడు అబ్దేనాగో.

ఇసౌరో గునపం తీసుకోబోయాడు. ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"గుర్తు నాది."

"ఆ చేత్తో గునపం పట్టలేవు నాన్నా."

"ఎడమ చెయ్యి ఉంది. ఇంకో చెయ్యి కోడలిస్తుంది. రా అమ్మాయ్."

ఇసౌరో ఏదో అనబోయి సాతుర్నీనోని చూసి పెదవి కొరుక్కున్నాడు. ఒతీలియా గునపం పట్టుకుంది. ఆమె చేతుల వెనక మామగారి ఎడమచెయ్యి ఇనుముని పట్టుకుంది. ఆయన చెవిలో చెప్పినట్టు అన్నాడు. "పక్కకి నిలబడు. పై వరుస నుంచి. గాలి చొరబడగానే మంట నాలుక ఒకటి బయటికి వస్తుంది, దాని దారి దానికి వదిలెయ్."

మొదటి దెబ్బకి మట్టి రాలింది. రెండో దెబ్బకి ఇటుక కదిలింది. మూడో దెబ్బకి అది లోపలికి పడింది.

ఆ సందులోంచి బారెడు పొడవు మంట బుసకొట్టి బయటికొచ్చింది, గాలిని ఒకసారి నాకి వెనక్కి వెళ్ళిపోయింది. ఒతీలియా కనుబొమలు చురుక్కుమన్నాయి. ఇటుక తర్వాత ఇటుక లాగారు. తలుపు సగం విప్పేసరికి నెపోముసేనో పొగాకు నేలమీద పడేశాడు. సాతుర్నీనో మెడ సాచి చూశాడు.

లోపల ఒక గది నిండా వెలుగుంది.

ఎరుపు కాదు. ఎరుపు గడప దగ్గరే ఆగిపోయింది. లోపలికి పోయేకొద్దీ నారింజ, బంగారం, ఆ తర్వాత పేరు పెట్టలేని ఒక తెలుపు. ఆ తెలుపులో గుమ్మటానికీ దాని కింద ఉన్నదానికీ తేడా తెలియడం లేదు. చూస్తూ ఉండగా చూపు అలవాటు పడి, అందులోంచి నిలువు గీతలు పైకి తేలాయి. మనిషి నడుమెత్తున స్తంభాలు. ఒకదాన్నొకటి ఆనుకుని, మధ్యలో వెంట్రుకంత చీలికలతో, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే అడవిలా నిలబడి ఉన్నాయి. సోమవారం బళ్ళతో తెచ్చి పోసిన నల్ల మన్ను అది. చేతికి మసి తప్ప ఇంకేమీ ఇవ్వని మన్ను. దాన్నెవరూ చెక్కలేదు, పేర్చలేదు. మూసిపెట్టి గాలి తగ్గించారు, అంతే.

పదకొండేళ్ళుగా ఒతీలియా బట్టీలు తెరవడం చూస్తూనే ఉంది. ఇలాంటిది చూడలేదు. మామూలుగా పైన ఉబ్బిపోయి నురగలా, గుల్లగుల్లగా ఉంటుంది. దీంట్లో నురగ లేదు. స్తంభం స్తంభమూ కొలిచి పోసినట్టుంది.

"చెప్పు," అన్నాడు మామగారు చెవిలో. ఆయన ముఖం మీద ఆ వెలుగంతా పడుతోంది. కళ్ళు రెప్ప వెయ్యకుండా దానివైపే తెరుచుకుని ఉన్నాయి. "ఏముందో చెప్పు."

"నిలబడి ఉంది మామయ్యా," అంది ఆమె. అంతకన్నా ఏం చెప్పాలో తెలియలేదు. "కింది నుంచి పై దాకా నిలబడి ఉంది."

ఆయన పట్టు ఆమె చేతుల మీద గట్టిపడింది.

ఇసౌరో నీళ్ళ గొట్టం పట్టుకున్నాడు. నీళ్ళు తగలగానే బట్టీ అరిచింది. తెల్లటి ఆవిరి వాలంతా కమ్మేసింది, కుళ్ళిన గుడ్ల వాసన గొంతు పట్టుకుంది, లోపల వందల చోట్ల గాజు పగిలినట్టు చిటపటలు. బంగారం నారింజ అయింది, నారింజ కందిపోయింది, కందినది బూడిద రంగులోకి దిగింది. ఆవిరి పల్చబడేసరికి ఆ అడవి వెండిలా మెరుస్తోంది.

నెపోముసేనో పొడవాటి కొక్కెం లోపలికి తోసి మొదటి స్తంభాన్ని లాగాడు. మామూలుగా అది గడప దగ్గరే ముక్కలవుతుంది. ఇది మూడు ముక్కలై వచ్చింది, ఒక్కోటి చంటిపిల్లంత. మిగిలినవాటినీ వరుసగా లాగి వాలు మీద పరుస్తూ పోయాడు.

సాతుర్నీనో ఒక ముక్క గోనెసంచిలో పట్టుకుని, బట్టీల మీదికి వెళ్ళే మెట్లెక్కాడు. కింద ఇనుప రేకు పరిచి ఉంది. మనిషెత్తు నుంచి ముక్కని వదిలేశాడు.

అది రేకు మీద ఖంగున మోగింది. పగల్లేదు.

ఆయన దిగి, ముక్క తీసుకుని, మళ్ళీ ఎక్కి, మళ్ళీ వదిలాడు. మళ్ళీ అదే మోత. మూడోసారికి అంచు నుంచి వేలెడంత పెచ్చు ఊడింది. దాన్ని తీసి వెలుగుకి పట్టి చూశాడు, గోటితో గీకాడు, నాలుక చివర ఆనించాడు.

"ముప్పై ఏళ్ళుగా కోక్ కొంటున్నా," అన్నాడు. "సముద్రం అవతల నుంచి ఓడలో వచ్చింది కూడా చూశా. దోన్ అబ్దేనాగో, ఇది ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావయ్యా?"

ఇసౌరో గొట్టం వదిలేసి ఆ వెండి రాళ్ళనే చూస్తున్నాడు, చిన్నప్పుడు మొదటిసారి చూసినట్టు.

"నాకు ఇదే కావాలి. పన్నెండు బట్టీల్లోనూ ఇదే. వేరేది ఒక్క బుట్ట కూడా వద్దు. ఏం కలిపావు?"

అబ్దేనాగో చేతి కట్టు సవరించుకున్నాడు.

"ఎప్పుడూ కలిపేదే," అన్నాడు. "రెండు పాళ్ళు జిడ్డు, ఒకటి పొడి. చెయ్యి కుదిరింది, అంతే."

సాతుర్నీనో జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ పాళ్ళు రాసుకోబోయాడు.

ఒతీలియా ఆ పెన్సిల్నే చూస్తోంది. ఆ పాళ్ళతో మళ్ళీ పోస్తే వచ్చేది పాత రకమే. అది వెళ్ళి ఆ ముగ్గురు మనుషుల ఎత్తు కొలిమిలో నలిగిపోతుంది, ఇనుము గడ్డకడుతుంది, ఆ మర్నాడే ఈ పన్నెండు బట్టీల పని అయిపోతుంది. నోరు విప్పితే, పాళ్ళు ఎలా తారుమారయ్యాయని అడుగుతాడు. దానికి ఒకటే జవాబుంది. ఆ జవాబు చెప్పనని ఆమె మాటిచ్చింది.

"అది కాదు," అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"అమ్మాయ్," అన్నాడు మామగారు. చాలా మెల్లగా.

"అది కాదు దోన్ సాతుర్నీనో. తిరగేసి రాసుకోండి. ఒక పాలు జిడ్డు, రెండు పాళ్ళు పొడి. కుప్పల చోటు నేను మార్చాను, చెప్పలేదు. మామయ్య అలవాటు చొప్పున కలిపించారు."

సాతుర్నీనో పుస్తకం మీంచి తలెత్తాడు. "చోటు మారితే ఏం? జిడ్డు బొగ్గు అరమైలు దూరం నుంచే మెరుస్తుంది."

ఆవిరి మిగిలిన చోట నీటిబొట్లు సుయ్యిమంటున్నాయి.

సాతుర్నీనో రెండడుగులు ముందుకు వేశాడు. చేతిలో ఉన్న కోక్ పెచ్చుని, ఏమీ అనకుండా, చప్పుడు చెయ్యకుండా, అబ్దేనాగో ముఖం ముందు చాచి పట్టుకున్నాడు.

ముసలాయన దాన్ని అందుకోలేదు. ఆయన ముఖం ఇంకా ఒతీలియా గొంతు వచ్చిన వైపే ఉంది.

సాతుర్నీనో చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది. "ఎన్నాళ్ళుగా?"

"రెండేళ్ళు," అన్నాడు అబ్దేనాగో.

"ఈ రెండేళ్ళూ నాకు పంపింది?"

"నేనే చేశా. ప్రతి బుట్టా."

ఫౌండ్రీ యజమాని టోపీ తీశాడు. అది చూడలేని మనిషి ముందు టోపీ తీసి, దాన్ని ఛాతీకి పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. ఇసౌరో ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"నేను బయట ఎక్కడా అనను," అన్నాడు సాతుర్నీనో కాసేపటికి. "అది నా మాట. కానీ పొరపాటున వచ్చినదాన్ని నమ్మి నా కొలిమి పణం పెట్టలేను. ఇంకోసారి చూడాలి. ఈ బట్టీలోనే, ఇప్పుడే, నా కళ్ళ ముందు నింపండి. మూడు రోజులు మీ ఇంట్లోనే ఉంటా, బంగాళాదుంపలు పెట్టినా తింటా. తలుపు తెరిచినప్పుడు మళ్ళీ ఇదే నిలబడి ఉంటే ఖాయం. ఎవరు కలుపుతారు?"

"నా కోడలు," అన్నాడు అబ్దేనాగో, ప్రశ్న పూర్తి కాకముందే. ఆ గొంతులో కోపం ఉందో లేదో ఒతీలియాకి తెలియలేదు. "త్వరగా కానివ్వండి. గోడ చూడు అమ్మాయ్, ఎరుపు పైకి తేలిందా?"

ఖాళీ అయిన బట్టీ గోడలు నీళ్ళకి నల్లబడ్డాయి. ఇప్పుడు ఆ నలుపు కింది నుంచి ఎరుపు దానంతటదే మళ్ళీ పైకి వస్తోంది. ఇటుక లోతుల్లో దాచుకున్నదంతా తెచ్చి ఇస్తున్నట్టుంది. రెండు గంటలు ఉంటుంది, మహా అయితే మూడు. ఆ లోపల బొగ్గు పడాలి. పడకపోతే అంటుకోదు.

"తేలింది మామయ్యా."

ఆమె పార అందుకుని పెరటి వైపు పరుగెత్తబోయింది.

"ఒతీలియా."

ఇసౌరో పిలిచాడు. అతని ముఖం పాలిపోయి ఉంది.

"పొడి బొగ్గు లేదు."

"సగం కుప్ప ఉంది. నిన్న నేనే చూశా."

"పొద్దున కంపెనీ లారీకి ఎక్కించేశా. వాళ్ళు అడిగారు. ఎలాగూ..." అతను మాట మింగాడు. "ఎలాగూ మనం ఓడిపోతాం అనుకున్నా."

"లారీ ఎక్కడుంది?"

"కనుమ దాటి ఉంటుంది."

"నీ మోటారు బండి మీద పోతే అందుకోవచ్చా?"

అతను కనుమ వైపు చూశాడు. వాలు మీద పరిచి ఉన్న వెండి స్తంభాలని చూశాడు. తండ్రిని చూశాడు. ముసలాయన ఎర్రబడుతున్న గోడవైపు తిరిగి, ఆ వేడికి ముఖం అప్పగించి, తనకేమీ వినపడనట్టు నిలబడి ఉన్నాడు.

ఇసౌరో వెనుదిరిగి కిందికి నడవడం మొదలుపెట్టాడు. పది అడుగుల తర్వాత అది పరుగైంది. ఇంటి మలుపు దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒకటి అతని బండి ఉన్న కొట్టం వైపు, ఇంకొకటి కంపెనీకి కబురు పెట్టగల ఫోన్ ఉన్న ఇంటి వైపు. అడ్డంగా కమ్ముకున్న ఆవిరిలో అతను ఎటు తిరిగాడో ఒతీలియాకి కనబడలేదు.

"ఎటు పోయాడు?" అన్నాడు అబ్దేనాగో.

"తెలీదు మామయ్యా," అంది ఆమె, గోడ మీది ఎరుపుని చూస్తూ.